నంబరు పోయిన బోల్టు

తుపాకీకి కట్టె అతకడం, తుప్పు వదిలించడం ఏసుదాసుకు పెద్ద పని కాలేదు. దాని బోల్టు, అంటే తూటాను గొట్టంలోకి తోసి బిగించే ఇనుప కడ్డీ, వెతకడానికే ఏడు నెలలు పట్టింది.

కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వికారాబాద్ పోలీసులు నిజాం కాలపు రైఫిలొకటి పేలకుండా గొట్టం మూసేసి, స్టేషన్లో అద్దాల బీరువాలో పెడదామని, బాగుచెయ్యమని అతనికి అప్పగించారు. "వేరేది తెచ్చి బిగించుడు వద్దు. దీని బోల్టే దీనికి రావాలె" అంది ఎస్సై ప్రియదర్శిని. రైఫిలు మీద 4417 అని ఉంది. ఆ కాలంలో బోల్టు మీదా అదే నంబరు కొట్టేవాళ్లు.

హైదరాబాదు పాత ఇనుప దుకాణాల్లో దొరికినవన్నీ పరాయి నంబర్లే. ఆఖరికి పాత రిజిస్టరులో ఆ రైఫిలును బోల్టు లేకుండా అప్పజెప్పిన సిపాయి పేరు పట్టుకుని కొడంగల్ పోతే, అతని మనవరాలు నాగవ్వ మేకల కొట్టానికి ఆ బోల్టునే గడియగా వాడుతోంది. గోటితో తుప్పు గీరితే నాలుగంకెలూ కనబడ్డాయి. ఏసుదాసుకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమెకు కొత్త గడియ బిగించి మరీ వచ్చాడు.

అక్కడితో ఇంటికి పోయుంటే బాగుండేది. దారిలో తాండూరులో దిగి, రాళ్ల పాలిషింగులో పనిచేసే అల్లుడు రాజేందర్ చేతిలో బోల్టు పెట్టాడు. "జర పైపైన తుప్పు తియ్యి" అని చాయ్ తాగడానికి పోయాడు. తాండూరు చేతికి పైపైన అనేది తెలియదు. నునుపు తేలేదాకా అది ఆగదు.

"చూడు మామా, మొఖం కనవడ్తున్నది" అన్నాడు రాజేందర్ సంబరంగా.

మొహం కనబడింది. నంబరు లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. ఏసుదాసుకు రెండు రోజులు ముద్ద దిగలేదు. తుపాకీ నంబరు చెరిపితే కేసని అతనికి తెలుసు. చెరిపింది అల్లుడు. వాణ్ని స్టేషనుకు పిలిస్తే బిడ్డకు ఏ మొహం చూపించాలి? పెట్టెలో అంకెలు కొట్టే పంచులున్నాయి. నాలుగు దెబ్బలు కొడితే ఎవరికీ తెలియదు. '4' అంకె పంచు బోల్టు మీద ఆనించి సుత్తి ఎత్తాడు కూడా. కొట్టకుండానే దించేశాడు. ఈ దొంగ అంకె కోసమా ఏడు నెలలు తిరిగింది?

పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ పోయి, పాలిష్‌లో నంబరు పోయిందని చెప్పేశాడు. ప్రియదర్శిని రైఫిలు తెప్పించింది. బోల్టు తీసుకుని రైఫిల్లోకి తోసింది. అడ్డం లేకుండా కూర్చుంది.

"కూసున్నది గని, ఇదే అంటే సాక్ష్యం కావాలె. ఇంకెవలన్న చూసిండ్రా?"

"నాగవ్వ చూసింది మేడం. ఆమెకు చదువు రాదు."

"పాలిష్ ఎవలు వట్టిండ్రు?"

"నంబరు చూసినోన్ని నేను. పోగొట్టినోన్ని గూడ నేనే."

"గదే రాసియ్యండి."

ఆ కాగితం ఏ ఫైల్లోనో పడి, ఏదో ఒకరోజు తన మెడకు చుట్టుకుంటుందనుకుని భయంభయంగానే సంతకం పెట్టాడు. ఆమె దాన్ని అద్దాల బీరువాలో రైఫిలు పక్కనే పెట్టించింది.

నెల తర్వాత రాజేందర్ ఆ బీరువా చూడటానికి పోయాడు. తలొంచి కాగితమంతా తన పేరు కోసం వెతికాడు. ఎక్కడా లేదు.