చిన్నాయన కథ మార్చిన సినిమా

నా చిన్నప్పుడు సినిమా అంటే తెర మీద కనిపించేది సగం, మా చిన్నాయన చెప్పేది సగం. గౌలిపురలో మాది పాలవాళ్ల ఇల్లు. సదర్ పండగకు దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించి మగవాళ్లంతా సోలిపోయేవారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పాలు పిండే వేళయ్యేదాకా ముందరి గదిలో అద్దె వీసీఆర్ ఆడేది. గల్లీ ఆడవాళ్లంతా మా ఇంట్లోనే. హిందీ అందరికీ వచ్చు, ఇంగ్లీషు ఎవరికీ రాదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నాన్న తమ్ముడొక్కడే. ఆయన టీవీ పక్కన స్టూలేసుకుని ఇంగ్లీషు సినిమాకు తెలుగు చెప్పేవాడు. ముద్దులొస్తే చెవిలో రహస్యం చెప్తున్నాడనేవాడు. ఎవరూ నమ్మకపోయినా ఆయన చెప్తేనే చూడబుద్ధయ్యేది.

ఒక ఏడు ఆయనకు చాంద్రాయణగుట్టలో పిల్ల కుదిరింది. చూడబోయిన రోజు ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వదులైన నా జడ విప్పి మళ్లీ అల్లింది. ఈమె ఎప్పుడు చిన్నమ్మ అయి మా ఇంటికొస్తుందా అని నాకు ఒకటే తొందర.

ఆ ఏడు పండగ మర్నాడు మొదట హిందీ కామెడీ పెట్టారు. అందులో ఒక మగవాడు నడుము ఊపుకుంటూ ఇంకో మగవాడి వెంటపడతాడు. అందరం పడీపడీ నవ్వాం. ఆ రోజుల్లో అలాంటి మనిషి కామెడీలో ఉంటే నవ్వించడానికి, పోలీసు సినిమాలో ఉంటే చివర్లో తూటా తినడానికి. చిన్నాయన మాత్రం నవ్వలేదు. లేచి తను తెచ్చిన ఇంగ్లీషు క్యాసెట్ పెట్టాడు.

అందులో ఇద్దరు మగవాళ్లు ఒక ఇంట్లో ఉంటారు. కలిసి వండుకుంటారు, పోట్లాడుకుంటారు. వీళ్లు అన్నదమ్ములు, తల్లిదండ్రులు వేరే ఊళ్లో ఉంటారని చిన్నాయన చెప్పాడు. తమ్ముడికి పెద్ద జబ్బు చేస్తే అన్న చెంచాతో గంజి తాగిస్తాడు. పక్కింటి అత్త కళ్లు తుడుచుకుని, అన్నంటే గిట్లుండాలె అంది. తమ్ముడు చనిపోయాడు. అన్న నల్లకోటు వేసుకుని ఆ తల్లిదండ్రుల ఇంటికి వెళ్లాడు. తల్లి తలుపు తీసి, అతన్ని చూసి, ముఖం మీదే వేసేసింది. అతను వానలో అట్లాగే నిలబడ్డాడు. చిన్నాయన నోటి నుంచి తెలుగు ఆగిపోయింది.

"అన్నదమ్ములంటివి గదరా," అంది మా నానమ్మ. "గామె ఇద్దరికీ తల్లే గదా. సచ్చినోని మీద ఏడ్వొచ్చిన పెద్దకొడుకు ముఖం మీద తలుపేస్తదా?"

ఏదో లొల్లయి ఉంటదని గొణిగాడు చిన్నాయన. నానమ్మ వదల్లేదు. "కథ మార్చినవ్. సక్కగ చెప్పు."

ఆయన మా వైపు చూడకుండా టీవీకే చెప్తున్నట్టు చెప్పాడు. "వాళ్లు అన్నదమ్ములు కారమ్మా. ఆలుమగల తీరు బతికిండ్రు. గది ఇంట్లోళ్లకు నచ్చలేదు."

పక్కింటి అత్త పిల్లలను రెక్క పట్టుకుని లేపి తీసుకుపోయింది, మిగతా ఆడవాళ్లూ ఆమె వెనకే వెళ్లిపోయారు. నాన్న టీవీ కట్టేశాడు. మేమే మిగిలాక నానమ్మ చిన్నకొడుకు వైపు తిరిగి, నువ్వు గూడ గట్లనేనా అని అడిగింది. ఆయన ముఖం చేతుల్లో దాచుకుని భోరున ఏడ్చాడు. అంత పెద్ద మగమనిషి అట్లా ఏడవడం నేను అంతవరకు చూడలేదు. నాన్న చెయ్యెత్తాడు. చిన్నాయన పడబోయే దెబ్బకు తల వంచి, "పెండ్లి చేస్కుంట అన్నా, ఫికర్ చెయ్యకు," అన్నాడు. నాన్న చెయ్యి దించాడు, ఆ మాట ఆయనకు చాలు. నానమ్మకు చాల్లేదు. "మరి గా పిల్ల బతుకేంది?" అంది.

పాలు పిండే వేళకు నానమ్మ ఇంట్లో లేదు. చిన్నపిల్ల వెంట ఉంటే మాటలు మీరవని నన్ను తీసుకుని ఆటోలో చాంద్రాయణగుట్ట వెళ్లింది. అక్కడ నడవలోనే నిలబడి, మావోడు పెండ్లి చేసుకునేటోడు కాదు, నాకు ఇయ్యాల్నే తెలిసింది, మీ పిల్లకు ఏ వంక లేదని అడిగినోళ్లందరికీ నేనే చెప్త అంది. ఆ పిల్ల తండ్రి నోటికొచ్చినన్ని తిట్టాడు. నానమ్మ అన్నీ విని దండం పెట్టి వచ్చింది. నా చిన్నమ్మను చెడగొట్టిందని నాకు మండిపోయింది. ఆటోలో నేను ఏడుస్తుంటే ఆమె ఒక్క మాటే అంది. "తలుపేసినామె కొడుకు సచ్చిపోయిండు. నా కొడుకు బతికున్నడు బిడ్డా."

ఆ సంగతి నానమ్మకు ఎప్పటికీ మింగుడుపడలేదు. తర్వాత చిన్నాయనకు తోడైన స్నేహితుడు ఇంటికొస్తే ముఖం తిప్పుకునేది, తిప్పుకుంటూనే లోపల్నుంచి చాయ్ పంపేది. నాన్న చాన్నాళ్లు తమ్ముడితో మాట్లాడలేదు. ఆ పిల్లకు మంచి సంబంధమే దొరికిందని తర్వాత విన్నాం.

ఇప్పుడు మా అబ్బాయి ఫోనులో ఇద్దరు మగవాళ్ల ప్రేమకథలు, వాళ్ల పెళ్లిలో తల్లిదండ్రులు ఎగిరి చిందులేసే కామెడీలు కూడా చూపిస్తాడు. నేను అదిరిపడతానని వాడి ఆశ. నేను అదిరిపడేది వేరే దానికి. చిన్నాయన పెళ్లి జరిగుంటే బారాత్‌లో అందరికంటే ముందు నేనే ఎగిరేదాన్ని. ఆయనా ఆ పిల్లా ఒక కప్పు కింద కుమిలిపోతుంటే, మా చిన్నాయన కాపురం ఎంత చక్కగా ఉందో అనుకుంటూ పెరిగేదాన్ని.

అందుకే మొన్న మా అబ్బాయికి సంబంధాలు వస్తుంటే, ఒక్క ఫోటో కూడా బయటికి తీయకముందే వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నీకు పెళ్లి కావాలా, కావాలంటే ఎవరితో కావాలి అని అడిగాను. ఇదేం ప్రశ్న అమ్మా అని వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు నవ్వాపి జవాబు చెప్పేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.