రెండు కాటాలు, ఒకే బరువు

రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు, వర్షాకాలంలో, నన్ను తాండూరు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీకి సీనియర్ ప్రోగ్రామర్‌గా పంపారు. వికారాబాద్‌లో అద్దె ఇల్లు, రోజూ పొద్దున రైలు. ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలను తూచే కాటాలు రెండయ్యాయి. ఒక్క కాటాకు రాసిన పాత ప్రోగ్రామును రెండింటికీ పనికొచ్చేలా మార్చడం నా పని.

ఒక్కో కాటాను ఒక్కో థ్రెడ్ చూసుకుంటుంది. అంటే ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే రెండు పనులు. ఏ థ్రెడ్ బరువు ఆ థ్రెడ్ దగ్గరే విడిగా ఉండాలని, బరువు దాచే చోటును థ్రెడ్-లోకల్ అని రాశాను. ప్రోగ్రాము ఫైళ్లన్నిటినీ ఒకటిగా కలిపే లింకర్ ఒప్పుకోలేదు. ఇక్కడ థ్రెడ్-లోకల్ అని రాసిన పేరును మరో ఫైలు మామూలు పేరుగా అడుగుతోంది, రెండూ పొసగవు అంది. ఆ మరో ఫైలు రసీదులు అచ్చువేసే పాతది. దాన్ని ముట్టుకోవడానికి బద్ధకించి, నా ఫైలులోనే ఆ మాట తీసేశాను. ఎర్రర్ పోయింది. ఫ్యాక్టరీ జీపును ముందు ఒక కాటా మీద, తర్వాత రెండో దాని మీద తూచి సంతకం పెట్టాను.

పది రోజులకు ఖాజా అనే సిమెంటు ట్యాంకర్ డ్రైవర్‌ను గేటు దగ్గర ఆపేశారు. హైదరాబాద్‌లో దిగిన సిమెంటు రసీదులో ఉన్నదానికంటే తక్కువ. దారిలో అమ్ముకున్నాడన్నారు. సాయంత్రంలోగా తేలకపోతే పనిలోంచి తీసేస్తామని మేనేజర్ చెప్పారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదని నేను చెప్పాను. ఎవరూ అడగకముందే చెప్పాను.

ఖాజా నా మీద కోప్పడలేదు. "సార్, పక్క కాటా మీదికి టిప్పర్ ఎక్కినంకనే నా బరువు నంబర్ మారింది. గప్పుడే చెప్పిన, ఎవరూ ఇనలే. జర రెండు బండ్లు ఒక్కసారే పెట్టి చూడుండ్రి" అన్నాడు.

ఒక కాటా మీద జీపు, రెండో దాని మీద నిండు ట్యాంకర్ పెట్టాం. జీపు ముప్పై టన్నులు తూగింది. నేను ఆ మాట తీసేయడంతో రెండు కాటాల బరువులూ ఒకే చోట పడుతున్నాయి, చివర వచ్చిన బరువే రెండు రసీదుల్లోకీ వెళ్తోంది.

తీసేసిన మాటను మళ్లీ పెట్టి, పాత ఫైలులోనూ అదే మాట చేర్చాను. లింకర్ ఏమీ అనలేదు. పది నిమిషాల పని. రిపోర్టులో కారణం అన్నచోట నా పేరే రాశాను, సిగ్గుపడుతూనే. ఖాజా మర్నాడు పనిలోకి వచ్చాడు.

ఎర్రర్ పోవడం, తప్పు పోవడం ఒకటి కాదని నేర్చుకున్నాను. ఖాజా కూడా నేర్చుకున్నాడు. నేను రిటైరయ్యేదాకా పక్క కాటా ఖాళీ అయితేగానీ అతను తన బండి ఎక్కించలేదు. బాగు చేశానని రెండుసార్లు చెప్పాను. "ఎరికే సార్" అని, పక్క కాటా మీది బండి దిగేదాకా ఆగాడు.