అవ్వ కోసం రెండు కుప్పలు

మా చిన్నప్పుడు... ఏరువాకకు ముందు మండుటెండల్లో, రెడ్డిగారి విత్తనపు బుడ్డలు గోతాలతో మా ఇంటికి వచ్చేవి. బుడ్డలంటే వేరుశనగకాయలు, మా పులివెందుల వైపు అలాగే అంటాం. అమ్మ చాప మీద కూర్చుని కూలికి వలిచేది. నేను పక్కన కూర్చుని బైబిలు చదివేదాన్ని.

స్వాతంత్ర్యం రాకముందు మాట ఇది. నాకప్పుడు తొమ్మిదేళ్లు, మిషన్ బడిలో మూడో తరగతి. మా మాలపల్లెలో చదువొచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే... ఆ పొగరు ఇంకా దిగలేదని నా మనవరాలు అంటుంది. ఇది టైపు చేస్తున్నదీ అదే.

నా చదువుతో అమ్మకు ఒకటే పని. నరకంలో ఉన్న అవ్వకు ఆ మంట ఎప్పటికైనా అయిపోతుందా, లేదా... అది పుస్తకంలో వెతికించడం.

అవ్వ అంటే అమ్మ వాళ్లమ్మ. ఇంట్లో అందరం బాప్తిస్మం తీసుకున్నాం, అవ్వ తప్ప. ముందు ఏడాది ఆమెకు జ్వరం ముదిరినప్పుడు, మా పల్లెలో ప్రార్థనలు చేయించే ఉపదేశి అయ్య గిన్నెలో నీళ్లు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, ఒక్క మాట ఒప్పుకో. సల్లగా పరలోకానికి పోతావు" అన్నాడు.

"నా మొగుడు యాడుండాడు?" అంది అవ్వ. "కలరాకు పోయిన నా ఇద్దరు పిల్లోళ్లు యాడుండారు?"

అయ్య అబద్ధమాడే మనిషి కాదు. "వాళ్లు ప్రభువును ఎరగరు గదవ్వా..." అని తల దించుకున్నాడు.

"అట్లయితే నేనొక్కదాన్నే సల్లగా కూసోని ఏం జేసేది? నేనూ ఆడికే పోతా" అని కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఎంత మొండిదో! మర్నాడు పొద్దున్నే పోయింది. బాప్తిస్మం లేనివాళ్లకు సంఘం సమాధుల్లో చోటు లేదన్నారు. వంక గట్టున పూడ్చాం.

అప్పట్నుంచి అమ్మకు కూడు సయించలేదు. "ఎంత కరువైనా మూడేండ్లకో నాలుగేండ్లకో వాన పడతాదే... ఆ మంటకు అంతు లేదా?" అని కనపడిన వాళ్లనల్లా అడిగేది. చివరికి నాకు పని పెట్టింది.

"పాపా, యాడ మంట ఆరదని ఉంటాదో సెప్పు, ఈ పక్క ఒక గింజ ఏస్తా. యాడ కాలి అయిపోతారని ఉంటాదో సెప్పు, ఆ పక్క ఏస్తా."

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం కొన్ని పేజీలు... వంశావళులు వస్తే నేను గబగబా తిప్పేసేదాన్ని, దేవుడు క్షమించుగాక. ఆరని మంట వస్తే ఎడమ కుప్పలో ఒక గింజ. చెడ్డవాళ్లు కాలిపోయి లేకుండా పోతారని వస్తే కుడి కుప్పలో ఒక గింజ. కడుపు మాడిన రోజుల్లో కూడా ఆ కుప్పల్లోంచి ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు మేము.

ఒకరోజు, దేవుడు తల్చుకుంటే ఒంటితో పాటు ఆత్మనూ నాశనం చేయగలడన్న చోటు వచ్చింది. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"అంటే... మాయమ్మ బూడిదైపోతాదా? ఇంగ ఏమీ తెలీదా ఆమెకు?"

"అట్లే ఉండాది మా."

అమ్మ నవ్వింది. అవ్వ పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. కన్నతల్లి బూడిదైపోతే చాలని చేతులెత్తి దండం పెట్టుకుంది.

పుస్తకం చివరి పేజీల్లో ఎడమ కుప్ప బాగా పెరిగింది. అయినా కుడిదే పెద్దది. అమ్మ రెండు కుప్పలూ రెండు చేటల్లో పెట్టుకుని అయ్య ఇంటికి నడిచింది. నేను వెనకాలే.

"కాలి అయిపోతారనే పక్కదే పెద్దది అయ్యా" అంది, బెరుగ్గా.

ఆయన రెండు చేటల వైపూ చూశాడు. "తూకమేసి తేల్చేది కాదు మా. రెండు రకాలుగానూ రాసుండాది. మిషన్ దొరలు మాకు నేర్పింది మాత్రం ఒకటే... ఆరదని."

"నీకేమనిపిస్తాదయ్యా?"

"మా నాయన కూడా ఆడే ఉండాడు మా. ఇరవై ఏండ్ల నుంచి నేనూ ఎతుకుతాండా."

అమ్మ చేటలు ఎత్తుకుంది. ఇంటికొచ్చి రెండు కుప్పలూ కలిపి గోతంలో పోసేసింది. మళ్లీ వలుచుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ చదవమని అడగలేదు. జీవితాంతం మా సంఘం గుడికి వెళ్లింది. అందరూ పరలోకం పాటలు పాడుతుంటే మాత్రం నోరు కదిపేది కాదు.

అమ్మ ముసలిదై మంచం పట్టినప్పుడు పాస్టరుగారు వచ్చి, దూతలు నీకోసం ఎదురుచూస్తున్నారమ్మా అని ప్రార్థన చేసి వెళ్లారు. ఆయన గడప దాటగానే నా చెయ్యి పట్టుకుంది.

"పాపా... ఆడ్నుంచి సూస్తే మాయమ్మ అగపడతాదా?"

బైబిల్లో నరకానికి పోయిన ధనవంతుడి కథ నాకు తెలుసు. పరలోకంలో ఉన్నవాళ్లకు నరకంలో వాళ్లు కనపడతారు, మాట కూడా వినపడుతుంది, దాటడానికే ఉండదు. మంటల్లో తల్లిని చూస్తూ ఎలా కూర్చుంటుందిలే అనుకుని, "అగపడదు మా" అన్నాను. నా జీవితంలో బైబిలు మీద ఆడిన అబద్ధం అదొక్కటే.

అమ్మ ముఖం వాడిపోయింది. "కొంచెం కూడానా?" అంది.

ఇక నాలుక మడతేసే ధైర్యం నాకు లేకపోయింది... ఆ సాయంత్రమే అమ్మ పోయింది.

ఇప్పుడు మా గుడి పెద్దదైంది, మైకులు వచ్చాయి. నరకం మాటే ఎవరూ ఎత్తరు... ఉద్యోగాలు, ఇళ్లు, దీవెనలు, అంతే. పిల్లలు హాయిగా నిద్రపోతారు, మంచిదే. మరి వంక గట్టున పూడ్చిన వాళ్ల సంగతి ఎవరిని అడగను? మీ ఇళ్లలోనూ అలాంటి అవ్వలుంటే కింద రాయండి... వాళ్లు యాడుండారని మీ అమ్మలు అడిగితే, మీరేం చెప్పారో కూడా.