అమావాస్య నాడు ఆగిన మగ్గం

పెనుకొండ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ చెప్పడం నా ఉద్యోగం. ప్రోగ్రాంలో ఏ వస్తువు సంగతి అదే చూసుకుంటుంది, బయటివాళ్లు దాన్ని అడగాలే గానీ లోపల చెయ్యి పెట్టకూడదు. విషయం ఇంతే. సెమిస్టరంతా చెప్పినా ఒక్కరికీ ఎక్కలేదు. హిందూపురం అంగడివాళ్లబ్బాయి ఒకడు కిరాణా అంగడి మీద ప్రోగ్రాం రాసి, సరుకు ధర కూడా బయటికి రాకుండా అన్నీ దాచేశాడు. అదేమని అడిగితే, "అంగడి గుట్టు బయట పెట్టకూడదు కదా మేడం" అన్నాడు. బోర్డు తుడిచి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

ధర్మవరం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్లింట్లో పట్టుచీరలు నేస్తారు. ఈ ల్యాబ్ పరీక్ష ఆమెకు అప్పటికే ఒకసారి పోయింది. మళ్లీ పోతే చదువు మాన్పించి మగ్గం మీద కూర్చోబెడతానని వాళ్ల నాయన తేల్చి చెప్పాడట. అంత భయం పెట్టుకుని, ప్రోగ్రాం రాయడానికి ఆ పిల్ల ఎంచుకున్నది మగ్గాన్నే. బుద్ధుందా అని అడగబోయి ఊరుకున్నాను. పరీక్ష ముందురోజు నడిపి చూపించింది. నేయమంటే మగ్గం నేసింది. చీర తయారైందని స్క్రీన్ మీద వచ్చింది. నిశ్చింతగా ఇంటికి పోయాను.

మర్నాడు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. ఆమె ప్రోగ్రాం నడిపింది. "ఈ పొద్దు నేత లేదు" అని వచ్చింది, అంతే. ఆయనే ఇంకోసారి నడిపాడు. అదే వచ్చింది.

"నిన్న బాగానే నడిచింది కదమ్మా?" అన్నాను.

"ఈ పొద్దు అమాస మేడం. అమాసనాడు మేము మగ్గం ముట్టుకోము."

క్యాలెండరు చూసి ఏడాదిలో అమావాస్యలన్నీ ప్రోగ్రాంలో ఎక్కించి పెట్టింది మహాతల్లి. పరీక్ష ఏ రోజు పడిందో మాత్రం చూసుకోలేదు.

"ఆ లైను తీసెయ్" అన్నాను.

"తీసేస్తే అది మా మగ్గం ఎట్లయితాది మేడం?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ పిల్ల చదువు ఒక్క లైనుతో పోతోంది, ఆ లైను మీద చెయ్యి వేయనివ్వడం లేదు.

ఎగ్జామినర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను బయటినుంచి బలవంతంగా నేయిస్తేనో?"

"కాదు సార్. నేయమని అడగొచ్చు, అంతే. ఎప్పుడు నేసేదీ, ఎప్పుడు నేయనిదీ దాని లోపలే ఉండాది. మీరు ఆడ చెయ్యి పెట్టలేరు."

సెమిస్టరంతా నేను గొంతు చించుకున్నది ఈ ముక్క కోసమే. ఆయన కంప్యూటర్లో తేదీ ఒకరోజు ముందుకు జరిపి మళ్లీ నడిపాడు. చీర తయారైంది. "పాసయ్యావు, పోమ్మా" అన్నాడు. నాకు ఆ రోజు నిజంగా సంతోషమేసింది.

ఆమె వరండాలోకి పోయి వాళ్ల నాయనకు ఫోన్ చేసింది. మామూలు రోజుల్లో మగ్గం చప్పుడుకి ఆయనకు ఫోన్ వినపడదట. ఆ రోజు మొదటి రింగుకే ఎత్తాడు.