అరవై సీసాల పసి వైను

ఒక గురువారం మధ్యాహ్నం దుబాయ్‌లో ఒక చల్లని దుకాణంలో నిలబడి, నాకు బొత్తిగా తెలియని విషయం మీద ఘనంగా ఒక ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం దెబ్బకి ఒక నిర్దోషి ఉద్యోగం ఊడబోయింది. తప్పు పూర్తిగా నాది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథ సగంలో మీరు నన్ను తిట్టడం మొదలుపెడతారు. అప్పటికి నేను మీ పక్షానే ఉన్నానని మీకు గుర్తుండాలి.

అది 2005. నేనొక కట్టడాల కంపెనీలో పర్చేజ్ ఆఫీసర్ని. సిమెంటు, రంగులు, జిగురు డబ్బాలు కొనడం నా పని. సిమెంటు కొనేవాడికి జీవితంలో ఒకటే వేదవాక్యం: తేదీ చూడు. నిలవున్న సిమెంటు బస్తా అంటే బస్తాలో నిద్రపోతున్న బండరాయి. పాత రంగు డబ్బా తెరిస్తే పైన మీగడ, కింద బురద. పాత సరుకు అన్న మాట వింటే చాలు, నాకు ఒళ్ళు జలదరించేది.

ఇది గాక నాకు పగటికలల జబ్బు ఉంది. ఎవరైనా కాస్త అందంగా మాట్లాడితే చాలు, కళ్ళు తెరిచి ఉండగానే నిద్రలోకి జారిపోతాను.

మా ముదీర్, అంటే జనరల్ మేనేజరు, మార్టిన్ గారు ఇంగ్లీషాయన, నెమ్మదస్తుడు. జుమైరాలో తన విల్లాలో మెట్ల కింద గదికి ప్రత్యేకంగా ఏసీ పెట్టించి, వైన్ దాచుకునే గదిగా మార్పించుకున్నారు. సెలవు మీద స్వదేశం వెళ్తూ నన్ను పిలిచారు.

"రావు, మీకు రెడ్ వైన్ గురించి ఏమైనా తెలుసా?"

పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క తాగినవాణ్ణి కాదు. కానీ ఆ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా నా నోట 'నో సార్' అన్న మాట వచ్చి ఎరగదు.

"తెలుసు సార్."

ఆయన ముఖం వెలిగింది. తన గదిలోకి ఎలాంటి వైన్లు కావాలో చెప్పడం మొదలుపెట్టారు. వాలుకొండలు, ఉదయపు పొగమంచు, ఆకులు రాగి రంగుకి తిరిగే కాలం... కిటికీ అవతల షేక్ జాయెద్ రోడ్డు మీద క్రేన్లు ఎండలో నీళ్ళలోని నీడల్లా ఊగుతున్నాయి. నేను అప్పటికే కొండ ఎక్కేశాను. చేతిలో బుట్ట, కాళ్ళ కింద తడి మన్ను, చుట్టూ నల్లటి గుత్తులు, ఎక్కడో చర్చి గంట. ఎంత హాయి! నేను కొండ దిగి వచ్చేసరికి ఆయన చివరి మాటలో ఉన్నారు.

"...మొత్తం అరవై సీసాలు. దుకాణంలో గంగారాం ఉంటాడు. అతను చెప్పినట్టు చేయండి."

"తప్పకుండా సార్," అన్నాను, బుట్ట కింద పెడుతూ.

మద్యం కొనే లైసెన్సు ఆయనది, సంతకం ఆయనది, చేరవేసే బండి దుకాణం వాళ్ళది. ఎంపిక మాత్రం నాది. గుడ్డివాడికి అద్దాల దుకాణం అప్పగించారన్నమాట.

గురువారం దుకాణానికి వెళ్ళాను. గంగారాంకి యాభై దాటాయి. తలంతా తెల్లబడింది.

"ఏ ఊరు సార్ మీది?"

"తెనాలి."

"మాది ఆర్మూర్ దిక్కు. మార్టిన్ సార్ కోసం ఏడాది సంది ఓ డజను సీసాలు తీసి పెట్టిన. రాండ్రి, సూపిస్త."

వెనకగది చీకటిగా, చల్లగా ఉంది. సీసాలన్నీ అడ్డంగా పడుకుని ఉన్నాయి, భోజనాలయ్యాక పెళ్ళివారింట్లో ఒరిగిన చుట్టాల్లా. గంగారాం ఒకదాన్ని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి బల్బుకి అడ్డం పెట్టాడు. లోపల ఒక సాయంకాలం కనిపించింది. సూర్యుడు ఇప్పుడే కుంకినట్టు, ఎవరో దీపం ఇంకా వెలిగించనట్టు. మళ్ళీ ఆ కొండ మీదికి వెళ్ళబోతూ, చీటీ మీద సంవత్సరం చూశాను. 1990.

నాలోని పర్చేజ్ ఆఫీసరు ఉలిక్కిపడి లేచాడు.

"పదిహేనేళ్ళ సరుకా ఇది!"

"అవ్ సార్. మస్తుగుంటది."

"పైన ఆ దుమ్మేంటి?"

"తుడువొద్దు సార్. ఊకె కదిలిస్తే అడుగున ఉన్న మడ్డి మీదికొస్తది."

"మడ్డి కూడానా!"

"పాతదైతే ఉంటది సార్."

"ఎక్స్‌పైరీ డేటు ఎక్కడుంది?"

"దీనికి ఉండది సార్. మనిషికి రాసుంటదా?"

"మనిషికి రాసే ఉంటుంది. మనకి కనపడదంతే. నువ్వు వేదాంతం చెప్పి డెడ్ స్టాకు అంటగట్టకు. పోయినేడాది సరుకు తియ్యి."

"గవి పసివి సార్. నోరు గుంజుతయ్."

"అందులోనూ బిరడా వద్దు. తిప్పితే వచ్చే మూత ఉన్నవి తియ్యి. లీకు కావు."

గంగారాం నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నడిరోడ్డు మీద నిద్రలో నడుస్తున్నవాణ్ణి చూసి, లేపాలా వద్దా అని ఆలోచించే మనిషి చూపు అది. లేపడానికి ప్రయత్నించాడు పాపం.

"సార్, నా మాటినుండ్రి. మార్టిన్ సార్ పరేశానైతడు."

"నాకు చెబుతున్నావా? ఖలాస్!"

అక్కడితో ఆగితే ఈ కథ ఉండేది కాదు. బ్రీఫ్‌కేసులోంచి కంపెనీ లెటర్‌హెడ్ తీసి దుకాణం మేనేజరుకి ఫిర్యాదు రాశాను. 'మీ ఉద్యోగి మట్టికొట్టుకుపోయిన, మడ్డి పట్టిన సరుకుని మా జనరల్ మేనేజరుకి అంటగట్టజూశాడు. ఇది దగా. తగిన చర్య తీసుకోగలరు.' సంతకం కింద రెండు గీతలు కూడా గీశాను.

అరవై సీసాలు విల్లాకి చేరాయి. అన్నిటినీ స్కూలు ప్రార్థనలో పిల్లల్లా నిటారుగా నిలబెట్టాను. ముందొచ్చింది ముందు పోవాలని నంబర్లు అంటించాను. పైన ట్యూబులైటు పెట్టించాను. ఆ గదిలో నిలబడి నా పనితనానికి నేనే మురిసి, కాసేపు కలగన్నాను కూడా. కలలో నాకు ప్రమోషన్ వచ్చింది.

మార్టిన్ గారు తిరిగొచ్చి, గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు.

"రావు, ఇవి చాలా... ఆరోగ్యంగా ఉన్నాయి."

"థాంక్యూ సార్!"

ఒకదాని మూత తిప్పి గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగారు. గొంతులో పచ్చి వెలక్కాయ పడటం అంటారే, అది ఇంగ్లీషువాళ్ళకి కూడా పడుతుందని ఆరోజే తెలిసింది.

"గంగారాం నా కోసం దాచిన డజను ఏవి?"

"అవి బాగా పాతవి సార్. రిజెక్ట్ చేశాను."

ఆయన గ్లాసు కింద పెట్టారు. దుకాణానికి ఫోన్ చేశారు. వింటున్న కొద్దీ ఆయన ముఖంలో నవ్వు పలచబడి, తర్వాత పూర్తిగా ఆరిపోయింది.

"గంగారాంని గోడౌన్‌కి పంపేశారట. నెలాఖరుకి వీసా అయిపోతుంది, రెన్యూ చేయరట. మన కంపెనీ నుంచి ఏదో ఉత్తరం వచ్చిందంటున్నారు, రావు."

నేల చీలితే బాగుండుననుకున్నాను. చీలలేదు. ఆ పునాదికి సిమెంటు నేనే కొన్నాను, తేదీ చూసి మరీ.

మర్నాడు పొద్దున్నే అల్ కుసైస్‌లో గంగారాం ఉండే గదికి వెళ్ళాను. వంట కోసం ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఇరవై ఏండ్ల సంది ఈడ ఉన్న సార్. తిట్టినోళ్ళున్నరు. దొంగ అన్నోడు లేకుండె."

"తప్పయిపోయింది గంగారాం గారూ. నాకు తెలియదు. తెలియదని చెప్పడమూ తెలియలేదు."

ఆయన కత్తి పక్కన పెట్టి అడిగాడు.

"మీ ఇంట్ల బియ్యం కొత్తయి వండుతరా, పాతయి వండుతరా?"

"పాతవే. కొత్తవి ముద్దవుతాయి."

"చింతకాయ తొక్కు?"

"పాతదే... పథ్యానిక్కూడా మంచిది."

"మరి ద్రాక్ష ఏం పాపం జేసింది సార్?"

కొత్తొక వింత, పాతొక రోత అని సామెత కట్టినవాడికి ఎవరూ వైన్ గది అప్పగించి ఉండరు. ఆయన పక్కన పెట్టిన కత్తి తీసుకుని, నేను కూచుని ఉల్లిపాయలు తరిగాను. కళ్ళ నీళ్ళకి మంచి సాకు దొరికింది.

అట్నుంచి తిన్నగా దుకాణం మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఇంకో లెటర్‌హెడ్ మీద రాసిచ్చాను. 'ఫిర్యాదు చేసినవాడికి వైన్ గురించి తెలిసింది శూన్యం. గంగారాం చెప్పిందంతా నిజం.' మేనేజరు దాన్ని సిబ్బంది అందరి ముందూ చదవమన్నాడు. చదివాను. శూన్యం దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. గంగారాం వీసాకి ఆ వారమే ముద్ర పడింది.

"సార్, తెలుగుల గూడ రాసియ్యుండ్రి," అన్నాడు గంగారాం. "మా ఇంటామెకు ఫోన్ల సదివి ఇనిపియ్యాలె. వీసా బందైతదని ఏడ్సి ఏడ్సి ఉన్నది."

రాయడమేమిటి, నేనే చదువుతానన్నాను. ఫోనులో అవతల, ఆర్మూర్ దగ్గర, ఆవిడ ఊపిరి బిగబట్టి వింటోంది. నేను గొంతు సవరించుకుని, నిండు హృదయంతో మొదలుపెట్టాను. "అమ్మా, మీవారు ఈ మద్యం దుకాణంలో పనిచేసే మనుషుల్లోకెల్లా నిజాయితీపరులు..."

 అవతల చిన్న గొంతు.

"మందు దుకాణమా సార్? అత్తరు దుకాణమని చెప్పిండు గద!"

గంగారాం ఫోన్ లాక్కున్నాడు. "అత్తరేనే! ద్రాక్షపండ్ల అత్తరు!"

మిత్రులారా, ఆ క్షణాన పంచభూతాల సాక్షిగా, ఏసీ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. నాకు తెలియని సరుకుని ఎంచను. ఎంచినా ఉత్తరం రాయను. రాసినా ఎవరికీ చదివి వినిపించను.

తర్వాతి శుక్రవారం ఆవిడ కోసం అత్తరు కొనడానికి ఇద్దరం దేరా బజారుకి వెళ్ళాం. దుకాణంవాడు రెండు సీసాలు ముందు పెట్టి ఏది కావాలన్నాడు. నేను చేతులు కట్టుకుని, నోరు మూసుకుని, గంగారాం వైపు తిరిగాను. ఆయన ఎంచాడు. సంచీ నేను మోశాను.