సూపు గిన్నె

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే ఎడ్నా థర్లో, ఒంటిమీద పొలుసులతోనే వీధి నడిమధ్యగా ఇంటికి నడుస్తుంది. ఎవరికోసమూ పక్కకు తొలగదు. నా అనేవారు లేని పక్కింటి ముసలి విల్ఫ్ మంచం పట్టాడని తెలిసిన రోజున, బఠాణీ సూపు గిన్నెను రెండు చేతులా పట్టుకొని అతని గుమ్మం చేరింది. ఎదురింటి మాజీ కానిస్టేబులు సెడ్రిక్ పరుగున వచ్చాడు. "చూసీ చూడనట్టు పోతే నిన్ను ఏ కోర్టూ అడగదు, ఎడ్నా! సాకడం మొదలెట్టి మధ్యలో మానేశావనుకో, ముసలాడు పోతే జైలు నీకే!"

చట్టానికి, పాపం, దయలేనివారి జాడ తెలియదు. దయ తలచినవారి చిరునామాయే తెలుసు. "అయితే మానను," అంది ఎడ్నా. "నువ్వే సాక్షివి. చేతులు ఖాళీ లేవు, ఆ తలుపు తియ్యి." ఆజ్ఞ వినబడితే పాటించే పాత అలవాటుకొద్దీ అతడు తలుపు తీశాడు. "ఇంక నువ్వూ మొదలెట్టినట్టే. రేపటి సూపు నీది," అంటూ ఆమె లోపలికి నడిచింది.