నరసింహలోని లోపాలు

నిజాం జమానాలో, జడ్చర్లలో రైలెక్కిన ఓ పెద్దమనిషి మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ముచ్చట తీశాడు.

"గా నరసింహ ఉన్నడు సూడు, పట్నంల జీతమిచ్చి ఆడించే జట్టోళ్లు రేపు ఆయన్నే తీసుకుంటరు," అన్నాడు.

ఆ ఎంపికకు నేనూ పోతున్నానని చెప్పలేదు.

"తీసుకోరు. ఆనికి ఎడమకాలుతోని కొట్టనే రాదు. వానల జారుతడు. గోల్ ముంగట ఆగమైతడు."

షాద్‌నగర్ దాకా నరసింహ లోపాలే చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు గూడ ఆడుతవా బిడ్డా?"

"ఆడుత."

"మరి నీ ఆట ముచ్చట ఒక్కటి గూడ చెప్పకపోతివి!"

ఆయన తన జామకాయలో సగం నా చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగాడు.

మర్నాడు నరసింహనే తీసుకున్నారు. అతనికి ముబారక్ చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.